తేట నీళ్ళు

"మూత మూసెయ్. ముందు మూత మూసెయ్, తర్వాత ఏదైనా మాట్లాడు."

భర్త పెరటి గుమ్మం దాటలేదు. భుజం మీది తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని అక్కణ్ణుంచే అన్నాడు. ఆమె సెప్టిక్ ట్యాంకు మీది సిమెంటు పలకని గునపంతో పక్కకి జరిపి, మోకాళ్ళ మీద వంగి లోపలికి చూస్తోంది.

తెల్లవారేసరికి స్నానాలగది తూములోంచి నల్లటి నీళ్ళు పైకి తన్నుకొచ్చాయి. బకెట్లూ చీపుళ్ళూ పట్టుకుని ఇద్దరూ తోశారు. ఎంత తోస్తే అంతా వెనక్కి వచ్చింది. తోస్తున్నంతసేపూ అతను నీళ్ళని తిట్టాడు, తూముని తిట్టాడు, ఇల్లు కట్టిన మేస్త్రీని తిట్టాడు. ఎందుకిలా అయిందని మాత్రం అడగలేదు. అడగకపోవడం కొన్ని నెలలుగా ఆ ఇంట్లో అందరూ కలిసి నేర్చుకున్న విద్య.

"మొన్నమొన్ననేగా దీన్ని ఖాళీ చేయించాం" అంది ఆమె తలెత్తకుండా. "అప్పుడే ఎలా నిండింది?"

"మనుషులున్న ఇల్లు. నిండదా?"

"ఉన్నదే ముగ్గురం. అందులో మీ అమ్మ పిట్టలా తింటుంది."

"పిట్టకథలు తర్వాత చెప్పుకుందాం. మధ్యాహ్నం వృద్ధుల హోమ్ వాళ్ళ బండి వస్తుంది. అమ్మ వెళ్ళే వేళకి ఇల్లు ఇలా కంపు కొడుతుంటే అక్కేమనుకుంటుంది?"

ఆమె తలెత్తి చూసింది. కంపు అన్న మాట ఆ ఇంట్లో పైకి వినబడటం అదే మొదలు. ఇన్నాళ్ళూ దానికి వేరే పేర్లుండేవి. గాలి ఆడటం లేదనేవాళ్ళు. వాతావరణం బాగాలేదనేవాళ్ళు. ఆడపడుచయితే "అమ్మ గది" అని ఊరుకునేది.

అత్తగారి మడమకి షుగరు పుండు పడ్డ కొన్నాళ్ళకి మొదలైన వాసన అది. అప్పట్లో ఆవిడ ముందుగదిలో ఉండేది. వచ్చేపోయేవాళ్ళు ముక్కు చిట్లించడం చూసి, గాలి బాగా తగులుతుందన్న వంక పెట్టి ఆవిణ్ణి వెనకగదిలోకి మార్చారు. మార్చాక వాసన ఇంకా ముదిరింది. వాసన ముదిరిందంటే పుండు ముదిరినట్టే గదా అని ఇంటిల్లిపాదీ తీర్మానించేసుకున్నారు. వీధివాళ్ళూ అదే అనుకుని, ఆవిణ్ణి ఎక్కడైనా పెట్టమన్నారు.

వెనకగది కిటికీ తెరిస్తే ఈ ట్యాంకే.

ఆమె కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మనిషి. ట్యాంకు లోపల ఎలా ఉండాలో తెలుసు. పైన మందంగా తెట్టు కట్టాలి. కింద నుంచి సన్నగా బుడగలు లేస్తుండాలి. కంటికి ఆనని ప్రాణులు కోట్లకొద్దీ చీకట్లో కూర్చుని, మనిషి వదిలినదాన్ని తిని నీళ్ళు చేస్తాయి. ఎవరూ మెచ్చుకోని చాకిరీ.

ఇక్కడ బుడగ లేదు. వేసింది వేసినట్టే ఉంది. నిన్నటిదీ, నెల కిందటిదీ పక్కపక్కనే, ఏది ఏదో గుర్తుపట్టేలా పడి ఉన్నాయి. గోడల మీద నీటిమట్టం వెంట బూడిదరంగు మెరుపొకటి గీతలా పట్టుకుంది. ఆ మెరుపుని ఆమె ఎక్కడున్నా పోల్చగలదు. చేతులు తిప్పి తన వేళ్ళ కొసలు చూసుకుంది. గోళ్ళ చుట్టూ అదే మరక, నల్లగా. ఏ సబ్బుకీ లొంగదు, తోలు రాలితే తప్ప పోదు.

పలక అంచు పట్టుకుని కాసేపు కళ్ళు మూసుకుంది.

"ఇది చచ్చిపోయింది" అంది.

"ఏది?"

"ట్యాంకు."

"సిమెంటుకి ప్రాణం ఎప్పుడొచ్చింది ప్రొఫెసరుగారూ, పోవడానికి?"

అతనికి భార్య మీద కోపం వచ్చినా, భయం వేసినా ఆమె ప్రొఫెసరుగారే. ఈసారి ఏదో ఆమెకి తెలియలేదు. పలక అలాగే వదిలేసి, గునపం పట్టుకుని లేచి నిలబడింది.

"షెడ్డులో కడుగునీళ్ళు ఎటు పోతున్నాయి?"

అతను తువ్వాలు ముక్కు మీంచి తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. జవాబు చెప్పడానికి అతనికి పట్టిన ఆ రవ్వంత సేపులోనే ఆమెకి కావలసింది దొరికింది.

"నీళ్ళన్నాక ఎటో అటు పోతాయి" అన్నాడు.

షెడ్డు ఇంటి పక్కనే, గోడకి గోడ. అతని తండ్రి రోజుల్నుంచీ అది అద్దకం షెడ్డు. రంగునీళ్ళు వీధి కాలవలోకి ఎర్రగా, నీలంగా పారేవి. వీధివాళ్ళు పోట్లాడి పోట్లాడి దాన్ని మూయించారు. మూతపడ్డాక అతను ఏ పనిలోనూ కుదురుకోలేదు. అప్పుడు ఆమె కాలేజీ ల్యాబులో తాను చేసిన పని చూపించింది. జ్యూసు బండ్ల దగ్గర పారేసే నారింజ తొక్కలు తెచ్చి ఉడకబెట్టి వడకట్టడం. ఆ కషాయంలో సిల్వర్ నైట్రేటు కలిపితే గడ్డిరంగు నీళ్ళు చూస్తుండగానే టీ రంగుకి తిరిగేవి. వెండి కంటికి కనబడనంత నలుసులై నీళ్ళలో తేలేది. కట్టుగుడ్డని అందులో నానబెట్టి, ఆరబెట్టి, కడిగితే పుండులోని క్రిముల్ని చంపే గుడ్డ తయారు. ఘాటు మందుల్లేవు, పొగ లేదు. "తొక్కలతో చేసినది, ప్రకృతికి హాని లేనిది" అని పొట్లం మీద అచ్చువేసిన వాక్యం ఆమె రాసిందే.

ఆ వాక్యం నిజం కావడానికి షెడ్డులో నీలం డ్రమ్ములు పెట్టించింది. గుడ్డ కడిగిన నీళ్ళలో ఇంకా వెండి ఉంటుంది. వాటిని డ్రమ్ముల్లో పోసి, ఉప్పు వేసి, కదపకుండా ఉంచాలి. వెండి తెల్లగా విరిగిన పాలలా అడుక్కి దిగుతుంది. దాన్ని తీసి దాచి, పైన తేరుకున్న నీళ్ళని పరీక్ష చేసి అప్పుడు వదలాలి. ఓపిక తప్ప ఖర్చేమీ లేని పని.

"డ్రమ్ముల్లో ఏముంది ఇప్పుడు?" అంది.

"తొక్కలు."

"కొత్త డ్రమ్ములు కొన్నాను, కడుగునీళ్ళకి అవి వాడుతున్నా అన్నారు."

"అన్నాను."

"కొన్నారా?"

అతను గుమ్మం మీద కూర్చున్నాడు. తువ్వాలుతో మొహమంతా తుడుచుకున్నాడు.

"చూడు. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ మా నాన్న ఒకటే చెప్పాడు. గుడ్డ పిండితే వచ్చే నీళ్ళు చూడరా, తేటగా వచ్చాయంటే ఉతుకు అయిపోయినట్టు, ఇంక ఆ నీళ్ళలో ఏమీ లేనట్టు అని. నీ గుడ్డ కడిగిన నీళ్ళు మంచినీళ్ళలా ఉన్నాయి. చేత్తో పట్టి ఎండలో చూశాను. రంగు లేదు, వాసన లేదు. వాటిని డ్రమ్ముల్లో పోసి, ఉప్పేసి, పెళ్ళికూతురిలా కూర్చోబెట్టడం ఎందుకనిపించింది. స్నానాలగది తూములో కలిపేశాను."

"తేటగా ఉన్నాయని."

"తేట నీళ్ళల్లో ఏముంటుంది?"

"వెండి ఉంటుంది."

"కనబడదుగా."

"కనబడని వాటిని చంపడానికి చేసింది, మీకు కనబడుతూ వస్తుందా? అది మంచి క్రిమి, ఇది చెడ్డ క్రిమి అని దానికి ఎవరు చెప్పారు? పుండులో ఏం చేస్తుందో ఇక్కడా అదే చేసింది. ఈ ట్యాంకులో పనిచేసేవాటినన్నిటినీ చంపేసింది. తినేవాళ్ళు పోతే పెట్టింది కుళ్ళదా?"

"నువ్వే గదా మంచిది, మంచిది అంటావు. తొక్కలతో చేసిందంటావు."

"చెయ్యడం మంచిదే. చేసి ఎక్కడ వదిలారన్నది అడుగుతున్నా."

షెడ్డులోంచి ఉడికిన నారింజ తొక్కల తీపిఘాటు వస్తోంది. దాని కింద రెండో వాసన. అవి రెండూ కలిసిన చోట ఆమె ఎన్ని పూటలు అన్నం తిన్నదో.

అప్పుడు అసలు సంగతి ఆమె నెత్తిన పడింది. ఇంతసేపూ ట్యాంకుని చూసింది, కిటికీని చూడలేదు.

"అయితే అత్తయ్య వాసన కాదు ఇది" అంది.

అతను నేల చూశాడు.

"మీకు తెలుసు."

"మొదట తెలీదు. ఒట్టు."

"ఎప్పుడు తెలిసింది?"

"అమ్మని షుగరు ఎక్కువైందని ఆసుపత్రిలో పెట్టాం చూడు. అప్పుడు. అమ్మ లేదు. వాసన ఉంది."

ఆ రోజులు ఆమెకి బాగా గుర్తు. తనూ ఈ ఇంట్లోనే ఉంది. తన ముక్కుకీ ఆ వాసన తగిలింది. మనిషి లేకుండా వాసన ఎక్కడిదని తనూ ఒక క్షణం ఆగింది. ఆగి, పరుపుకి పట్టేసి ఉంటుందనుకుంది. అత్తగారు కాపురానికి వచ్చినప్పటి దూదిపరుపుని చెత్తబండిలో వేయించింది. గది నేల కడిగించి, శుభ్రం చేశానన్న తృప్తితో స్నానం చేసింది. రోజూ కట్టు మారుస్తూ, పైకి చర్మం కడుతున్నట్టే కనబడినా, కుళ్ళు లోపలెక్కడో ఉందనుకుంది. చదువుకున్న ముక్కు. చదువుకున్న ముక్కుకి ఒక ముసలి మనిషి దొరికింది, ఇంక వెతకాల్సిన అవసరం లేకపోయింది.

రోత మొదట అతని మీద పుట్టింది. ఆ పరుపు గుర్తుకు రాగానే అది దారి మార్చుకుని ఆమె మీదికే వచ్చింది.

"తెలిసి కూడా హోమ్‌కి పంపుతున్నారు."

"హోమ్ అంటే జైలా? అక్క చూసి వచ్చింది. మంచాలు బాగున్నాయట, నర్సులున్నారట." గొంతు తగ్గించాడు. "విను. షెడ్డు నీళ్ళని తెలిస్తే వీధి కమిటీవాళ్ళు ఒక్క పూట ఉండనివ్వరు. నాన్నకి చేసినట్టే చేస్తారు. అమ్మ వెళ్ళనీ. నేను మెల్లగా పైపు మార్చేస్తాను, ట్యాంకు బాగుచేయిస్తాను, నీ డ్రమ్ములు నీకు పెట్టిస్తాను. వాసన పోతుంది. అమ్మ వెళ్ళింది, వాసన పోయింది. ఎవరికీ ఏ ప్రశ్నా మిగలదు. తర్వాత అమ్మని తెచ్చేసుకుందాం."

"పుండు మానిందని చెప్పి."

"అవును. మానిందని చెప్పి." తనకి తోచనిది ఆమె అందించినందుకు అతని మొహం కాస్త విచ్చుకుంది.

ఆమె చేతిలోని గునపం కింద పడేసింది. ఆ విచ్చుకున్న మొహం నున్నగా, గడ్డం గీసుకుని ఉంది. ఆ మొహంతోనే అతను రోజూ అమ్మ గదిలోకి వెళ్ళి "ఎలా ఉందమ్మా ఇవాళ" అని అడిగేవాడు. అడిగినంతసేపూ నోటితో గాలి పీల్చేవాడు. ట్యాంకులో ఉన్నది నయమనిపించింది. అది ఇంకేదో అయినట్టు నటించదు.

ఆడపడుచు వచ్చీ రాగానే సెంటు వాసన వచ్చింది. బ్యూటీపార్లరు నడుపుతుంది. ఆవిడ ఏ గదిలోకి వెళ్ళినా ఆవిడకంటే ముందు ఏదో పువ్వు వెళుతుంది. ఇవాళ చేతిలో ఒక స్ప్రే డబ్బా కూడా ఉంది.

"బండిలో కొట్టడానికి తెచ్చాను" అంది డబ్బా చూపించి. "డ్రైవరు మళ్ళీ రానంటే కష్టం. అమ్మ బట్టలు సర్దావా మరదలా?"

"వదినా, ఒక మాట చెప్పాలి."

"నువ్వేం చెప్పక్కర్లేదు. నాకు తెలీదా? నీ స్థానంలో నేనుంటే ఎప్పుడో గోడ దూకేదాన్ని. రోజూ ఆ కట్టు విప్పి, కడిగి, మళ్ళీ కట్టి. కడుపున పుట్టినదాన్ని, నాకే గుమ్మం దగ్గర తల తిరిగేది. మా తమ్ముడు అదృష్టవంతుడు." ఆమె భుజం తట్టబోయి, చేతులకున్న మడ్డి చూసి ఆగింది. "ఇదేంటిది, అబ్బ, ముందు చెయ్యి కడుక్కో."

"తూము పొంగిందక్కా" అన్నాడు తమ్ముడు వెనక నుంచి. "అదే శుభ్రం చేస్తోంది."

"గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. ఇవాళే పొంగాలా?"

"వాసన అత్తయ్యది కాదు వదినా" అంది ఆమె.

ఆడపడుచు తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు గోడ వైపు చూశాడు. ఆ రెండు చూపుల మధ్య ఆమె మాట ఎక్కడా కాలుపెట్టలేక కింద పడిపోయింది.

"సరేలే" అంది ఆడపడుచు, చంటిపిల్లని బుజ్జగించే గొంతుతో. "ఎవరిదైతేనేం. ఇవాల్టితో పోతుంది."

ఈవిడకీ తెలుసా, లేక తెలుసుకోకుండా ఉండటం తెలుసా? ఆమెకి అంతుపట్టలేదు. పువ్వుల వాసన ముక్కులోకి ఎక్కి గొంతు దగ్గర ఆగింది. ఊపిరి బిగబట్టి వెనకగది వైపు నడిచింది.

తలుపు కింద సందులో తడిగుడ్డ దోపి ఉంది. తన వాసన బయటికి పోకుండా అత్తగారు లోపల్నించి దోపుకునే గుడ్డ అది. తలుపు తోస్తే గుడ్డతో సహా జరిగింది.

అత్తగారు తల దువ్వుకుని, ఇస్త్రీచీర కట్టుకుని, కుర్చీలో కూర్చుని ఉంది. కట్టు ఉన్న కాలు చిన్న స్టూలు మీద. కాలు సరిగా ఉన్నప్పుడు ఆవిడ షెడ్డులో కూర్చుని కట్టుగుడ్డలు మడతలు పెట్టేది. ఒక్క అంచు కూడా వంకర పోయేది కాదు. ఇప్పుడు ఒళ్ళో చేతిరుమాలు అలాగే మడుస్తోంది, విప్పుతోంది.

"పెరట్లో ఏమిటి గొడవ? మూత తీశారా?" అంది.

"తీశానత్తయ్యా." ఆమె నేల మీద కూర్చుంది. సూటిగానే అంది. "ఈ వాసన మీది కాదు."

"తెలుసు."

కిటికీ అవతల పలక తెరిచే ఉంది. గదిలో గాలి చిక్కగా, వెచ్చగా ఉంది.

"నా కాలు నాకు తెలీదా అమ్మాయీ? నువ్వు కట్టు మార్చి వెళ్ళాక, విప్పిన గుడ్డ తీసి వాసన చూసుకునేదాన్ని. అసహ్యంగా చూడకు. మొదట్లో వచ్చేది, చీమునెత్తురు వాసన. తర్వాత తగ్గింది. ఆనక పోయింది. నీ గుడ్డ మంచిగుడ్డ. పుండు మానుతుంటే ఇంట్లో కంపు పెరుగుతోంది. అంత లెక్క కూడా రాదా నాకు?"

"మరెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేసేదానివి? షెడ్డు ఆపమనేదానివి. వాడు ఇన్నాళ్ళకి ఒక పనిలో నిలబడ్డాడు. షెడ్డు మూతపడ్డ రోజున వాళ్ళ నాన్న ఎలా కూర్చున్నాడో నువ్వు చూళ్ళేదు, నేను చూశాను. వీధివాళ్ళకి షెడ్డంటే కోపం. ముసలిదాని కాలంటే జాలి. జాలిపడి ఊరుకుంటారు." చిన్నగా నవ్వింది. "నాదనే అనుకోనీ. నాకేమన్నా పెళ్ళిచూపులున్నాయా?"

ఆ మాట వినగానే ఆమెకి ఊరట కలిగింది. తను అడక్కుండానే ఆవిడ బరువెత్తుకుంటానంటోంది. షెడ్డు ఉంటుంది. గుడ్డ ఉంటుంది. పొట్లం మీద తన వాక్యం ఉంటుంది. ఈ ఊరట నోట్లో తీపిగా ఊరింది. ఆ తీపికే డోకు వచ్చి, పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అత్తగారు దాన్ని వాసనకనే అనుకున్నట్టుంది. కిటికీ రెక్క ఒకటి చెయ్యి చాపి మూసింది.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. వాడికి తెలుసా?"

ఆమె అత్తగారి వేళ్ళ వైపు చూసింది. రుమాలు మడత సగంలో ఆగిపోయింది.

"తెలీదత్తయ్యా" అంది.

"అదీ." రుమాలు మడత పూర్తయింది. "తెలిస్తే పంపుతాడా? వాడు చిన్నప్పట్నుంచీ అంతే. కంటికెదురుగా ఉన్నది కూడా కనబడదు వాడికి. తెలీక చేసినదానికి ఎవర్ని ఏమంటాం? పద, బండి వచ్చినట్టుంది. చెయ్యి ఇవ్వు."

హోమ్ వాళ్ళ బండి వీధి వాకిలి దగ్గర తలుపులు తెరుచుకుని ఆగింది. చుట్టూ వీధివాళ్ళు నిలబడ్డారు. చాలామంది చేతుల్లో రుమాళ్ళు. ముందు వీధి కమిటీ పెద్దాయన. ఒకప్పుడు స్కూల్లో డ్రిల్లు మాస్టారు, ఇప్పటికీ నిలబడితే మడమలు రెండూ తాకిస్తాడు.

"పెద్దమ్మగారూ, మా అందరికీ బాధగానే ఉంది" అన్నాడు. "కాని పిల్లలున్న వీధి. మీరూ అర్థం చేసుకున్నారు. చాలా గౌరవంగా వెళుతున్నారు. అదీ మర్యాదంటే."

"వెళ్ళేటప్పుడైనా గౌరవం ఉండాలి కదా మాస్టారూ" అంది అత్తగారు. ఎవరో కిసుక్కుమన్నారు.

ఆడపడుచు బండి లోపల స్ప్రే కొడుతోంది. భర్త అమ్మ బట్టల సంచీ పట్టుకుని నిలబడ్డాడు. అత్తగారు బండి మెట్టు మీద కూర్చుని, కట్టు ఉన్న కాలు మెల్లగా పైకి లాక్కుంటోంది.

నోరు తెరుస్తానని ఆమె అనుకోలేదు. తెరిచాకే తెలిసింది.

"మాస్టారూ, ఈ వాసన మా అత్తయ్యది కాదు. మా షెడ్డు నీళ్ళు మా ట్యాంకులోకి పోతున్నాయి. అందులో వెండి ఉంది. ట్యాంకు పాడైపోయింది. కంపు దానిది."

మాస్టారు నుదురు ముడిచాడు. భర్త చేతిలో సంచీ ఒక చేతినుంచి ఇంకో చేతికి మారింది.

ముందుగా అత్తగారే అందుకుంది.

"పిచ్చిపిల్ల" అంది నవ్వుతూ. "నేను వెళుతున్నానని బెంగ. షెడ్డులో గుడ్డల్ని తొక్కలతో చేస్తారు మాస్టారూ, తొక్కల నీళ్ళకి కంపేమిటి? కంపు నాదే. నా మీద ప్రేమకొద్దీ అలా అంటోంది."

జనం ఒక్కసారిగా మెత్తబడ్డారు. "ఈ రోజుల్లో ఇలాంటి కోడలా" అంది ఒకావిడ రుమాలు వెనక నుంచి. "కన్నకూతురు కూడా అనదు" అంది ఇంకొకావిడ. ఆడపడుచు స్ప్రే డబ్బాతో సహా తల ఊపింది. భర్త వచ్చి ఆమె వీపు మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి అందరికీ కనబడేలా నిమురుతూ కృతజ్ఞత చెబుతోంది.

నిజం చెప్పి మెప్పు పొందడం ఇంత జిగటగా ఉంటుందని ఆమెకి తెలియదు. ఒళ్ళంతా ఏదో పూసినట్టయింది. చెయ్యి విదిలించుకుని వెళ్ళి, రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుంది. అత్తగారి కాలు పట్టుకుని కట్టు విప్పడం మొదలుపెట్టింది.

"వద్దే" అంది అత్తగారు. గొంతులో నవ్వు లేదు.

పొర మీద పొర ఊడి వచ్చింది. చివరి పొర పొడిగా, తేలిగ్గా, చర్మానికి అంటకుండా లేచింది. మడమ మీద రూపాయి బిళ్ళంత మేర గులాబిరంగు కొత్త చర్మం. నలుపు లేదు, చీము లేదు, తడి లేదు.

"రండి" అంది. "దగ్గరికొచ్చి వాసన చూడండి. ఎవరైనా సరే."

ఎవరూ రాలేదు. కట్టు విప్పడం చూసే అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. రుమాళ్ళు గట్టిగా అదుముకున్నారు. అదే సమయానికి పెరట్లోంచి గాలి ఒకటి ఇల్లు దాటి వాకిట్లోకి వచ్చింది.

"వస్తూనే ఉందిగా అమ్మా" అన్నాడు మాస్టారు ఇబ్బందిగా. "విప్పాక ఇంకా ఎక్కువైంది."

"పెరట్లోంచి వస్తోంది అది. ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి."

"పరాయివాళ్ళం, మాకెందుకు. కన్నకొడుకు పక్కనే ఉన్నాడు. అతన్ని చూసి చెప్పమనండి. అతను ఏది చెబితే అదే. షెడ్డుదంటే షెడ్డుది, కాలిదంటే కాలిది. మేం ఒప్పుకుంటాం."

అందరూ అతని వైపు తిరిగారు. అతను సంచీ కింద పెట్టాడు. తప్పించుకోవడానికి దారేదైనా ఉందేమోనని చుట్టూ చూశాడు గాని, అందరూ దారి ఇచ్చి నిలబడ్డది తల్లి వైపే.

వచ్చి భార్య పక్కనే మోకాళ్ళూనాడు. తల్లి మడమని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. ఎన్నో నెలల తర్వాత తల్లిని ముట్టుకున్నాడు. వంగి, కొత్తచర్మానికి దగ్గరగా ముక్కు ఆనించాడు. అత్తగారు కొడుకు నడినెత్తి వైపు చూస్తోంది. ఆ చూపులో భయం లేదు. వీడేం చెబుతాడో తెలిసిన తల్లి చూపు. షెడ్డు పోయినా సరేనన్నట్టు, ఒక్క క్షణం ఆవిడ మొహం పిల్ల మొహంలా మెత్తబడింది.

అతను ఊపిరి తీసుకున్నాడు. ఒకసారి భార్య కళ్ళలోకి చూశాడు. అంత దగ్గరగా ఉన్నారు కాబట్టి, అతనికి ఏ వాసనా తగల్లేదని ఆమెకి తెలుసు. ఆమెకి తెలుసునని అతనికీ తెలుసు.

"వస్తోంది" అన్నాడు మాస్టారితో. "కుళ్ళినవాసన. కాలిదే."

గుంపులోంచి ఒక నిట్టూర్పు లేచింది. ఎవరో "పాపం" అన్నారు. మాస్టారు మడమలు తాకించి, "అయితే ఇంక ఆలస్యం ఎందుకు" అన్నాడు. డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు.

అత్తగారు కదల్లేదు. ఇందాక ఇదే మాట తన నోటితో తనే అంది. అప్పుడు నవ్వుతూ అంది. ఇప్పుడు కొడుకు చేతుల్లో ఉన్న తన కాలి వైపు, అది ఎవరిదో అన్నట్టు చూసింది. తర్వాత కోడలి వైపు చూసింది. "తెలీదత్తయ్యా" అన్న మాటని ఆ చూపు మెల్లగా వెనక్కి ఇచ్చేసింది.

కొడుకు చేతుల్లోంచి కాలు లాక్కుంది. కట్టు లేని ఆ కాలిని, కొత్త చర్మంతో సహా, రోడ్డు మీది దుమ్ములో ఆనించి లేచి నిలబడింది.

"బండి ఆపవయ్యా" అంది డ్రైవరుతో. "మాస్టారూ, మీరొక్కరూ వద్దు, అందరూ రండి. నా వెనకే పెరట్లోకి రండి."

కోడలి భుజం పట్టుకుని మొదటి అడుగు వేసింది. కొడుకు ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నాడు.